గీతల్లేని వేలిముద్రలు

గెలిచాంరా గంగప్పా! మన యూనియన్‌కు గుర్తింపు వచ్చేసింది నాయనా! నువ్వు పోయిన రెండేళ్ళకు, నువ్వు పెట్టిన సంఘంతోనే రాళ్ళ ఫ్యాక్టరీ మాట్లాడి తీరాలని మదనపల్లె లేబర్ ఆఫీసులో ఈరోజు తేల్చేశారు. మీ నాయన్ని, నేనూ బెంచీ మీద కూర్చుని కళ్ళారా చూశాను.

ఆ మేనేజరు దద్దమ్మ మొహం నువ్వు చూడాల్సింది. రాజీకి పిలిచినప్పుడల్లా, సంఘంలో మనుషులే లేరంటూ కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. ఈరోజు విచారణలో మన సభ్యత్వ ఫారాలు ఎత్తి చూపించి నవ్వాడు.

"ఒక్క గీతన్నా ఉండాదా సార్ ఈ ముద్రల్లో? అన్నీ దొంగవి!"

పాలిష్ పట్టే ఖాదర్ భాయ్ లేచి వేళ్ళు చాపాడు. "గీతలు యాడుంటాయప్పా? ఇరవై ఏండ్లుగా నీ రాళ్ళే తినేసినాయి గదా! నీ హాజరు పుస్తకం తీసి సూడు, ఆడా ఇట్లే ఉండాయి."

ఆఫీసరు ఆ పుస్తకం తెరిచాడు. పేజీ పేజీకీ అవే నున్నటి మచ్చలు. రోజూ వాటితోనే పని చేయించుకున్న మహానుభావుడికి అవి మనుషులవని తెలియదట! ఆ మేనేజరు నీళ్ళడిగితే ఎవరూ లేవలేదు.

ఫారాల కట్టలో పైన ఉన్నది నీదే. సంతకం వచ్చినా అందరితోపాటు నువ్వూ వేలిముద్రే వేశావు. అదీ నున్నగానే ఉంది.

ఇక సదుంలో మీ పెద్దత్తకు, నిమ్మనపల్లె చిన్నాయనకు, రామసముద్రంలో మీ అక్కకు, కుప్పంలో నీ బావమరిదికి ఈ మాట చెప్పాలి. మీ అమ్మకు మాత్రం నువ్వే చెప్పు నాయనా, అక్కడ నీ దగ్గరే ఉంది కదా.