అమ్మకు థ్యాంక్స్

జులై 1994, మంగళవారం. తార్నాక.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఒక్క థ్యాంక్స్‌కు ఒక తల్లి ఇంతగా హడలిపోతుందా!

నిన్న పిల్లలకు చెప్పిన ఇంగ్లీషు పాఠం నేనూ, ఇంగ్లండ్ నుంచి వచ్చిన హెలెనూ కలిసి రాసిందే. వాళ్ల పుస్తకంలోని బ్రెడ్డూ జామూ తీసేసి పప్పన్నం, పచ్చిపులుసు పెట్టాం. మన పిల్లలకు తగ్గట్టు మార్చామని మురిసిపోయాం. ఇంట్లో అన్నం తిన్నాక అమ్మకు థ్యాంక్స్ చెప్పాలన్నది హోంవర్కు.

పొద్దున క్లాసులోకి యాదగిరి వాళ్లమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని దూసుకొచ్చింది. లాలాపేట నుంచి నడిచే వచ్చిందట. కళ్లు వాచి ఉన్నాయి.

"మొన్ననే పరీక్ష తప్పిండు మేడం. రాత్రి అన్నం తిని నాకు థ్యాంక్స్ అన్నడు. ఏమన్న చేసుకుంటడేమోనని తెల్లందాక కావలి కూసున్న. అడిగితే మేడమోళ్లు చెప్పమన్నరంటడు! కన్నతల్లికి గట్ల చెప్తరా? నేనేమన్న పరాయిదాన్నా?"

హెలెన్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. ఆమెకైతే తెలియదు, ఇక్కడే పుట్టి పెరిగిన నాకేమైంది? మా అమ్మకు ఏనాడైనా ఆ మాట అన్నానా?

సాయంత్రం రోజూలాగే హెలెన్‌ను స్కూటర్ మీద తార్నాక చౌరస్తాలో దించాను. చాయ్ తెచ్చిన అటెండరుకూ, బస్సు కండక్టరుకూ, నాకూ రోజూ థ్యాంక్స్ చెప్పే మనిషి. ఇవాళ చెప్పబోయి, నోరు మూసుకుని వెళ్లిపోయింది.

బండి పక్కకు ఆపుకుని అలాగే నిలబడిపోయాను. నన్ను ఇంటిమనిషిని చేసుకున్నదా? లేక ఇక మాతో ఏ మాట అనడానికైనా భయపడుతున్నదా...