ఒకే పేరు, రెండు ఇసుకలు

మొగుడి పేరు పలకకూడదన్నారే గాని రాయకూడదని ఎవరూ అనలేదు. అయినా ఈ ఉత్తరం మీద మీ పేరు రాయలేకపోయాను. అందకపోతే తపాలావాళ్లను తిట్టకండి.

ఇవాళ మీరు పోయిన రోజు. పొద్దున్నే మీ ఫొటోకి దండ వేసి కార్ఖానాకి వెళ్లిన మనవడు సాయంత్రం తలవంచుకుని వచ్చాడు. రైలు బ్రేకు దిమ్మలు పోత పోసే అచ్చుల కోసం మీరు కనిపెట్టారే, కార్ఖానాలో అందరూ మీ పేరుతోనే పిలిచే బెల్లపుమడ్డి కలిపిన ఇసుక, దాన్ని ఇవాళ్టితో ఆపేశారట. డీజిలు ఇంజన్లొచ్చాక అది చాలడం లేదట. ఇకమీదట ఇసుకలో వాడు తయారు చేసిన కొత్త జిగురు కలుపుతారు. మీ ఆఖరి పోత దగ్గర నిలబడి వచ్చాడు.

"మామ్మా, తాతకి కోపమొస్తాదేటి?"

"మీ తాత కోపానికి బతికున్నప్పుడే ఎవడూ బెదరలేదు. కూడు తిను."

ఇంతలో మీ దగ్గర పని నేర్చుకున్న అప్పన్న వచ్చాడు. "ఏటీ మారనేదు వదినా! అప్పుడూ ఆ పేరు ఇసకే, ఇప్పుడూ ఆ పేరు ఇసకే. కొత్త కుర్రోళ్లకి ఇద్దరున్నారనే తెలీదు," అని నవ్వాడు. ఓదార్చాననుకున్నాడు పాపం.

మీరు మిగలాలని వాడికి మీ పేరు పెట్టుకున్నాం. ఆ పేరే మిమ్మల్ని తుడిచేసింది. మిమ్మల్ని ఏవండీ అని, వాణ్ణి బుల్లోడా అని పిలిచిన నాకు మాత్రమే మీరు ఇద్దరు.

రేపటి నుంచి వాడి చొక్కాకి మాడిన బెల్లం వాసన ఉండదు. ఇవాళ్టిది ఉతకలేదు.