మూడు చుక్కల బుష్

సూరిబాబూ,

నువ్వు పోయి సంవత్సరం మీద రెండు నెలలైంది. బాగున్నావా అని అడగడం లేదు… ఎక్కడున్నా ఎవరో ఒకరితో వాదన పెట్టుకునే ఉంటావు కాబట్టి బాగానే ఉంటావు. నేనూ బాగున్నాను. మొన్న మంగళవారం నుంచి నవ్వుతూనే ఉన్నాను. నర్సీపట్నంలో నేను నవ్వగా చూసినవాళ్ళు తక్కువ కదా, ఇద్దరు ముగ్గురు నా ఆరోగ్యం గురించి వాకబు కూడా చేశారు.

ఆ బుష్ సంగతి గుర్తుందా? గుర్తుండకుండా ఎలా ఉంటుందిలే…

పదకొండేళ్ళ కిందట నీ జీపుకి వేరే బండి గేరుబాక్సు ఎక్కించావు. దానికి పైలట్ బుష్ లోహం చెక్కే నా లేత్ మెషిను మీద తిప్పి ఇచ్చాను. అదేమిటో నీకు చెప్పక్కర్లేదు గానీ, ఈ ఉత్తరం మీ ఆవిడ రమణమ్మ చదివించుకుంటుంది, ఆవిడ కోసం రాస్తున్నాను. బొటనవేలంత గన్‌మెటల్ గొట్టం అది. ఇంజన్ వెనక గుంటలో బిగువుగా కూర్చుంటుంది. గేరుబాక్సు షాఫ్టు ముక్కు దాని బెజ్జంలో ఆనుకుని తిరుగుతుంది. క్లచ్ తొక్కితే ఇంజన్ తిరుగుతున్నా ఆ ముక్కు ఆగాలి. బెజ్జం బిగువైతే ఆగదు, గేరు వేయబోతే పళ్ళు కరకరలాడతాయి. వదులైతే షాఫ్టు ఊగి బాక్సునే తినేస్తుంది.

బుష్ చేతికిస్తూ ఒకటే మాట చెప్పాను. లోపలికి దిగ్గొట్టాక బెజ్జం వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, అప్పుడు బెజ్జం గీకే రీమర్ తిప్పి సరిచేసుకో అని. నువ్వేమన్నావు?

"గన్‌మెటలేటి పంతులూ, సలికి ముడుసుకోడానికి? ఏ పుస్తకం సెప్పింది?"

లేత్ మీద బతికేవాడికి పంతులని పేరు పెట్టింది నువ్వే. మెషిను పక్కన పుస్తకం ఉండటమే నేరమైనట్టు! శాఖా గ్రంథాలయంలో పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివినవాణ్ణి, ఊరంతా నన్ను అలాగే పిలిచినా ఆ పేరుకి నేను ఏనాడూ పలకలేదు.

సాయంత్రానికి నీ జీపు గేర్లు కరకరలాడాయి. మర్నాడు బస్ కాంప్లెక్స్ ఎదుట టీ కొట్టులో, నలుగురూ వినేలా అన్నావు. "పంతులు బుష్ తప్పు. కాలవలో ఇసిరేసి వైజాగ్ బుష్ ఏసీసేను. ఇప్పుడు సూడండి, గేరు ఎన్నలాగ పడతంది."

ఆ రోజు నుంచి నీతో మాట్లాడలేదు. నువ్వు పోయేదాకా, దాదాపు పదేళ్ళు… నువ్వు ఎదురొస్తే రోడ్డు దాటాను. నీ పెద్దకర్మకి వచ్చి పెరుగన్నం దాకా కూర్చుని భోంచేశాను గానీ, అప్పుడు కూడా నా మనసులో ఉన్నది నువ్వు కాదు, ఆ బుష్. నీ నోటి వెంట ఒక్క మాట కావాలనుకున్నాను. పంతులు బుష్ సరైనదే అని. అది చెప్పకుండా పోయావు. చచ్చి నెగ్గాడు అనుకున్నాను.

సరే, ఆ తరవాత జరిగింది విను.

నీ మెకానిక్ షెడ్డు మూతపడలేదు. మీ అమ్మాయి నాగమణి నడుపుతోంది. ఆడపిల్ల చేతికి గేరుబాక్సు లేస్తుందా అని టీ కొట్టులో చర్చ పెట్టినవాళ్ళే ఇప్పుడు తమ బండ్లు తెచ్చి అమ్మా అమ్మా అంటూ నిలబడుతున్నారు. వాళ్ళ పేర్లు రాయాలని ఉంది… రాయను, నీకు తెలిసినవాళ్ళే.

పోయిన నెలలో నీ జీపుకి మూడో గేరు పళ్ళు రాలిపోయాయి. నీ కూతురు యలమంచిలి వెళ్ళి పాత సామాన్ల యార్డులో ఇంకో గేరుబాక్సు ఏరి తెచ్చింది. తీరా చూస్తే దాని షాఫ్టు ముక్కు కాస్త సన్నం. కొత్త బుష్ కావాలి. పెదనాన్నా, నువ్వే తిప్పాలి అంటూ నా ఇంటికొచ్చింది. నేను పాత కథంతా ఎత్తాను. వైజాగ్‌లో దొరుకుతాయిగా, మీ నాన్న చెప్పలేదా అన్నాను. ఆ పిల్ల నవ్వి, ముందు పాతది బయటికి తీద్దాం, పక్కన నిలబడితే చాలు అంది. ఎందుకు నవ్విందో నాకు అర్థం కాలేదు.

మంగళవారం వెళ్ళాను. గేరుబాక్సు దించి ఉంది. నాగమణి బుష్ మొహం కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నా చెయ్యి పట్టుకుని లాగి, లైటు వేసింది.

సూరిబాబూ… అంచు మీద మూడు చుక్కలు!

నా లేత్ మీంచి దిగిన ప్రతి బుష్ మీదా నేను పంచ్‌తో కొట్టే మూడు చుక్కలు. ఈ జిల్లాలో ఇంకెవడూ కొట్టడు.

పక్కనున్న టైరు మీద కూలబడ్డాను. చరిత్ర పుస్తకాల్లో రాజులు దాచిన సంగతులు ఎప్పుడో ఒక శాసనం మీద బయటపడతాయని చదివాను. నీ శాసనం గన్‌మెటల్ మీద ఉందన్నమాట. పోయేదాకా నా బుష్ మీదే తిరిగావా? రోలుగుంట సంతకి, ఏజెన్సీ ఘాట్లకి, చివరికి ఆస్పత్రికి కూడా?

అప్పుడు నాగమణి నీ పెట్టెలోంచి పాత లుంగీ ముక్కలో చుట్టిన రీమర్ తీసి చూపించింది. బ్లేడ్లు సర్దుకునే రకం, మంచిది. గేర్లు కరకరలాడిన ఆ రాత్రే ఎక్కడో సంపాదించి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి, కూతురి చేత లైటు పట్టించి, నేను చెప్పినట్టే తిప్పావట. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నావట. నువ్వన్న మాట ఆ పిల్ల నీ గొంతుతోనే అంది.

"పంతులుకి సెప్పకే. సెప్తే నా నెత్తినెక్కి కూసుంటాడు. ఆడి బుష్షు బంగారం."

బంగారం అన్నావా? నిజంగా అన్నావా? ఆ ముక్క నా ఎదుట అనడానికి ఏం అడ్డొచ్చింది నీకు?

గుంట నిండా గ్రీజు కూరి, సరిపడే రాడ్డు పెట్టి నాగమణి సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. గ్రీజు వెనక నుంచి తోసి బుష్‌ని మెల్లగా బయటికి తెచ్చింది. దాన్ని జేబులో వేసుకుని తిన్నగా టీ కొట్టుకి వెళ్ళాను. నేను మంచివాణ్ణయిపోయానని అనుకోకు. ఆనాటి నలుగురిలో ఇద్దరు మిగిలారు. ఇద్దరికీ చూపించాను, చుక్కలు వేలితో తడిమించాను, వైజాగ్ బుష్ ఇదేనని చెప్పాను. వాళ్ళు నీ మీద కోప్పడతారనుకున్నాను. పొలమారేదాకా నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ…

ఇక్కడితో ఆపితే నాకు గౌరవంగా ఉండేది. కానీ నువ్వు దాచావు కదా అని నేనూ దాస్తే ఏం బాగుంటుంది?

కొత్త బుష్ మొదటిది తప్పు తిప్పాను. కొలతలు నాకు కంఠతా వచ్చుననుకుని, కొత్త షాఫ్టు కొలవకుండా పాతదాని సైజుకే బెజ్జం తీశాను. నాగమణి దాన్ని షాఫ్టు ముక్కు మీద పెట్టి ఆడించింది. గుడిగంటలో నాలుకలా ఊగింది. కొలత తీసే కాలిపర్ నా చేతిలో పెట్టి, పెదనాన్నకి టీ తేవాలంటూ బయటికి పోయింది.

రెండోది కొలిచి తిప్పాను. దిగ్గొట్టాక బెజ్జం ముడుచుకుంది, నేను చెప్పినట్టే. నాగమణి నీ రీమర్‌తోనే తిప్పింది, మధ్యమధ్యలో ఆపి కొలుచుకుంటూ. తరవాత ముక్కుకి నూనె రాసి బాక్సు ఎత్తితే, బలవంతం లేకుండా వెళ్ళి కూర్చుంది. ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కి, రివర్స్ వేసింది. చప్పుడు లేదు. ఏమీ లేదు. ఆ నిశ్శబ్దం విన్నావా నువ్వు?

నిన్న ముగ్గురం కృష్ణదేవిపేట దాకా వెళ్ళొచ్చాం. రమణమ్మ ముందు సీట్లో కూర్చుంది. ప్రతి గేరు మార్పుకీ చెవి పెట్టి విని, ఆయన ఉన్నప్పటికంటే మెత్తగా ఉంది అంది. ఆ మాట నీకు చేరాలనే రాస్తున్నాను.

పాత బుష్ నా పుస్తకాల అర మీద ఉంది. ఎవరు అడిగినా చూపిస్తాను, అది మానను. మొదటి బుష్ సంగతి మాత్రం నాగమణికీ నాకే తెలుసు… ఇప్పుడు నీకు. రమణమ్మకి ఈ ఉత్తరం వినిపించేటప్పుడు ఆ ముక్క దాటేయమని నాగమణికి చెబుతాను. నువ్వు కూడా అక్కడ ఎవరితోనూ అనకు.

ఇట్లు,
పంతులు