పాలిష్ పెట్టిన రాణి రూపాయి

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
2-8-1965

అప్పకు తమ్ముడి నమస్కారాలు.

తరగతి చూపించడానికని నీ దగ్గర అడిగి తెచ్చుకున్న అమ్మ పూజ రూపాయిని శ్రావణ శుక్రవారం లోపల నీకు తిరిగి చేరుస్తానన్నాను. ఈ పొట్లంలో పంపుతున్నాను. ఒక మాట చెప్పాలి.

పాత నాణేలకు తరగతి కట్టడం సుభాష్‌పల్లిలో రిటైరైన ఒక బెంగాలీ రైల్వే గార్డు దగ్గర, మేం దాదా అనే పెద్దాయన దగ్గర, నేర్చుకుంటున్నానని నీకు తెలుసు. నాణెం మీది రాణి బొమ్మలో కిరీటం, చెవి మీది జుట్టు ఎంత అరిగాయో చూసి ఏ తరగతో చెబుతారాయన. ఇరవై రెండేళ్లుగా రైల్వే వర్క్‌షాపులో ఇన్‌స్పెక్షన్ అంటే ముందు రోజు ఇత్తడికి పాలిష్ పెట్టడమే నాకు తెలుసు. అలవాటు కొద్దీ ఈ రూపాయినీ తళతళలాడేలా తోమి తీసుకెళ్లాను.

దాదా భూతద్దంలో చూసి రూపాయిని నా ముందుకు జరిపారు. "అరిగితే ఠీక్ హై బాబూ. తోమినదానికి తరగతి లేదు" అన్నారు, వచ్చీరాని తెలుగులో. నేర్చుకునేవాడికి ఇలాంటి తప్పులు మామూలేనని ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక నీ మరదలు పోలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇదేటి, తోమీసినావా? అచ్చరాల సందుల్ల అత్త పెట్టిన కుంకం ఉండీది గదా" అంది.

అమ్మ పోయిన ఈ మూడేళ్లూ నువ్వు దానికి నీటి చుక్క తగలనివ్వలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తోమిన గుడ్డను కూడా పొట్లంలో పెట్టాను. ఆ నలుపులో ఎరుపు ఎక్కడుందో నాకు కనిపించలేదు. నువ్వొకసారి చూడు.

నీ తమ్ముడు