మూడు మిల్లీమీటర్ల జెల్

ఫిబ్రవరి 4

చిన్నాన్న కాలికి మళ్లీ పుండు లేచింది. కోసేయగా మోకాలి కింద మిగిలిందే జానెడు, దాని కొసన బొత్తామంత పుండు. కట్టు విప్పగానే గదంతా కంపు. పిన్ని మొహం కూడా తిప్పుకోకుండా తుడిచి మందు రాసింది. నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. తొమ్మిదేళ్లప్పటి నుంచి నన్ను పెంచిన మనిషి. ఆయన పుండు చూసి వాంతి చేసుకున్నాను. ఛీ.

డాక్టర్ మూడు వారాలు చూద్దామన్నాడట. మానకపోతే మోకాలి పైకి కోస్తారట. మోకాలుంటే మెట్లెక్కుతాను, కుర్చీలోంచి నా అంతట నేనే లేస్తాను, అది కూడా పోతే నన్ను మూటలా మోయాల్సిందే అని చిన్నాన్న ఎప్పుడూ అంటుంటాడు. ఇవాళ అనలేదు.

ఫిబ్రవరి 6

పిన్ని అడిగింది. కృత్రిమ కాలు లోపల తొడిగే ఆ జెల్ లైనర్ నిజంగా మెత్తగానే ఉందా అని. ఐదు నెలల క్రితం, మా లాబ్‌కి నమూనాలు పంపే కంపెనీది కొనమన్నది నేనే. మా లాబ్‌లో టెస్ట్ చేశాం, కళ్లు మూసుకుని తొడుక్కోవచ్చని గొప్పలు పోయాను.

ఎలా కొలుస్తారో పిన్నికి మళ్లీ చెప్పాను. అల్ట్రాసౌండ్‌తో జెల్ లోపల ఒక చిన్న తోపు తోస్తాం. అల లేస్తుంది. దాన్ని సెకనుకి పదివేల ఫ్రేముల చొప్పున అదే అల్ట్రాసౌండ్‌తో పట్టుకుంటాం. అల గబగబా పోతే గట్టిది, నెమ్మదిగా పోతే మెత్తనిది. పిన్ని అంతా విని, మరి పుండెందుకు పడిందంది. నేను ఫోన్ చూసుకున్నాను.

ఫిబ్రవరి 9, ఉదయం 11

ఆదివారం, లాబ్‌లో ఎవరూ లేరు. చిన్నాన్న లైనర్ తెచ్చాను. సబ్బుతో మూడుసార్లు కడిగినా చీము వాసన పోలేదు. చేతులు కూడా అదే వాసన.

లైనర్ పక్క గోడ మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టాను. గట్టిదనం 41 కిలోపాస్కల్స్. అరవై దాటకూడదు, కాబట్టి పాస్. నిజం చెప్పాలంటే గుండె మీంచి బరువు దిగింది. తప్పు మాది కాదు అనుకున్నాను, చిన్నాన్న పుండు సంగతి ఆ క్షణంలో గుర్తే లేదు.

తర్వాత ఊరికే అడుగు భాగం కూడా చూశాను. అక్కడ జెల్ రెండు అంగుళాల మందం ఉంటుంది, పక్కన మూడు మిల్లీమీటర్లే. అడుగున 128.

ఒకే అచ్చులో పోసిన ఒకే జెల్. పదకొండుసార్లు కొలిచాను. పక్కన 41, అడుగున 128.

అదే రోజు, సాయంత్రం 4

అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

పలచటి పొరలో అల ఈడ్చుకుంటూ పోతుంది. జెల్ మెత్తనిదై కాదు, పొర సన్ననిదై. అసలు గట్టిదనం అంతటా 128. అందుకే మందాన్ని లెక్కలో వేయాలి. మా ఎక్సెల్ షీట్‌లో మందానికి ఒక కాలమ్ ఉంది. ఉండేది. ఐదేళ్ల క్రితం ఆ షీట్ నేనే తయారుచేశాను. అప్పట్లో కంపెనీ లావాటి జెల్ దిమ్మలు పంపేది, మందంతో పనే లేదు. ప్రింట్ రెండో పేజీలోకి పోతోందని ఆ కాలమ్‌ని హైడ్ చేశాను. ఒక్క పేజీలో ముచ్చటగా వచ్చింది. తర్వాత కంపెనీ లైనర్ గోడల్లోంచి కోసిన ముక్కలు పంపడం మొదలుపెట్టింది. నేను అదే షీట్ వాడాను. లోపల అది దిమ్మ లెక్కే వేస్తూ పోయింది.

ప్రతి రిపోర్టు కింద పరీక్షించినవారు అన్న చోట నా సంతకం.

ఫిబ్రవరి 10

ఓకే సారుకి చెప్పాను. మా డైరెక్టర్‌ని చాటుగా అందరం అలాగే అంటాం, దేనికైనా ఓకే అంటాడు కనుక. నేను చెబుతున్నంతసేపూ పెన్ను క్యాప్‌తో చెవిలో గుబిలి తీసుకుంటూ, తీసినదాన్ని పరీక్షగా చూస్తూ, టేబుల్ అంచుకి రాస్తూ కూర్చున్నాడు. ఇకముందు షీట్ సరిచేసుకోమన్నాడు. పాత రిపోర్టుల జోలికి పోవద్దన్నాడు. ఆ లైనర్లు ఎంతమంది తొడుక్కున్నారని అడిగాను. నాలుగు వందల పైచిలుకు అన్నాడు, నిన్న తిన్న ఇడ్లీలు లెక్కపెట్టినంత తేలిగ్గా. వాళ్లకి తెలియజేద్దామన్నాను. మొదటిసారి ఓకే అనలేదు.

ఆ లైనర్లు పరీక్షించిన నెలలో మెషీన్ కాలిబ్రేషన్ తేడా చేసి కొలతలు తప్పాయని ఒక కాగితం టైప్ చేయించాడు. అవసరం పడితే ఉంటుందట. కింద నన్ను సంతకం చేయమన్నాడు. పెన్ను అదే.

ఫిబ్రవరి 11

చేశాను.

ఫిబ్రవరి 15

డ్రెస్సింగ్‌కి వచ్చిన నర్సుతో చిన్నాన్న నా గురించి చెప్పుకుంటున్నాడు. మా అమ్మాయి కంటికి కనపడని అలల్ని ఫొటోలు తీస్తుందని. నర్సు నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపింది. స్నానం చేశాను. మళ్లీ చేశాను.

ఫిబ్రవరి 18

పుండు ఎముక దాకా పోయింది. 24న ఆపరేషన్. మోకాలి పైకి.

పిన్ని మందుల షాపుకి వెళ్లినప్పుడు చిన్నాన్నకి అంతా చెప్పేశాను. కాలమ్ సంగతి, కాగితం సంగతి, పెన్ను సంగతి. అరుస్తాడనుకున్నాను. అరవాలనే కోరుకున్నాను. ఆయన చాలాసేపు దుప్పటి అంచు మడతపెట్టి విప్పి మడతపెట్టాడు. తర్వాత, తనలాంటి వాళ్లు ఇంకెంతమందని అడిగాడు. చెప్పాను. మరి ఇక్కడ కూర్చుని నాకు చెబుతావేంటే అన్నాడు.

పిన్నికి మాత్రం తర్వాత చెప్పమన్నాడు. తెలిస్తే నాకు తిండి పెట్టదట. నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 19

కంపెనీకి, వైద్య పరికరాల్ని తనిఖీ చేసే ప్రభుత్వ ఆఫీసుకి ఒకే మెయిల్. 41, 128, పదకొండు రీడింగులు, కాలమ్ దాచింది నేనేనని, కాలిబ్రేషన్ కాగితం పచ్చి అబద్ధమని. పంపాక గర్వంగా ఉంటుందేమో అనుకున్నాను. ఏమీ లేదు. తొమ్మిది రోజులు ఆలస్యం చేసిన మనిషికి గర్వమేమిటి?

ఫిబ్రవరి 20

ఓకే సారు అందరి ముందు నన్ను నానా మాటలూ అన్నాడు. విశ్వాసం లేనిదాన్నట. పెదవుల మూలల్లో తెల్లగా నురగ. మాటలు చెవికెక్కలేదు, ఆ నురగే చూస్తూ నిలబడ్డాను.

ఫిబ్రవరి 24

మోకాలు పోయింది.

ఫిబ్రవరి 27

పిన్నికి చెప్పాను. పళ్లెంలో అంతా వడ్డించి నా ముందు పెట్టింది. ఎదురుగా కూర్చుని నేను తినేదాకా చూసింది. అన్నీ తిన్నాను.

మార్చి 12

కంపెనీ లైనర్లన్నీ వెనక్కి పిలిపిస్తోంది. ఒక్కోదాన్ని కొలిచి రిపోర్టివ్వాలని ఆఫీసు ఆదేశం. మిగతావాళ్లంతా ముట్టుకోం అనేశారు. ఓకే సారు ఆ పని నాకిచ్చాడు, శిక్షగా. సంచులు విప్పుతుంటే చెమట, చీము, పౌడరు. ఒకదానికి లోపల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. అసహ్యం వేస్తోంది. అసహ్యం వేయడం కూడా అసహ్యంగా ఉంది. ఇవాళ ఇరవై ఆరు కడిగాను.

మార్చి 19

ఇవాళ మొదటి సంచిలోది కడగడానికి లోపలికి చెయ్యి పెట్టాను. నా పిడికిలి కూడా అందులో పట్టలేదు. చీటీలో, వాడే మనిషి బరువు: పద్నాలుగు కిలోలు.