పెదవులతోనే ప్రార్థన

డేనియల్,

నీకు చదవడం రాని తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో మొదలుపెడితే చెయ్యి సాగలేదు.

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మీ అమ్మ అమెరికా నుంచి సింగపూర్‌కి, బిషాన్‌లో మన ఫ్లాట్‌కి వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్ల వైటూకే పనుల మధ్య కూడా నువ్వు వెతికిన మీ పూర్వీకుల ఊరు ఫ్రాన్స్‌లో దొరికిందట. మీ పిన్ని వెళ్లి చూసివచ్చిందట.

"వాళ్లు హ్యూగెనాట్లే, ఫ్రెంచి ప్రొటెస్టెంట్లు. ఆ మతం నేరమైన రోజుల్లో రాజు తన సైనికుల్ని వాళ్ల ఇంట్లోనే దింపాడట. అందుకే గొంతు వినపడకుండా ప్రార్థించేవాళ్లు. అమెరికాలోని కెరొలినాకు పారిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు," అంది మీ అమ్మ.

భోజనానికి ముందు నీ పెదవులు మాత్రమే ఎందుకు కదిలేవో అప్పుడు తెలిసింది.

అన్నం వడ్డించాను. మన మీనా కళ్లు మూసుకుని, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

"గట్టిగా చెప్పు తల్లీ, ఇక్కడెవరూ ఏమీ అనరు," అన్నాను.

"కెనాట్ లా, అమ్మా. డాడీ నెవర్ సే లౌడ్," అని గుసగుసగా అంది.

మీ అమ్మా నేనూ తనలాగే పెదవులు కదిపాం. కాసేపటికి మా ముగ్గురి పెదవులూ ఆగాయి. అయినా ఎవరమూ కంచంలో చెయ్యి పెట్టలేదు. నీ ప్రార్థన ఇంకా పూర్తి కాలేదేమోనని అలాగే కూర్చున్నాం.

నీ వసుధ