డెల్మర్ పుస్తకం, ఓర్ఫా పిన్ని బొంత

శిక్షణ శిబిరం,
1958 జులై 28

ప్రియమైన ఓర్ఫా పిన్నికి,

నేను ఇక్కడ క్షేమం. ఇంకెన్నాళ్లో తెలీదు. రోజూ పొద్దున్నే ఒకాయన వచ్చి ఎవడో ఒకడి గది తలుపు కొట్టి, "కోచ్ పిలుస్తున్నాడు, పుస్తకం తీసుకురా" అంటాడు. మా ఫుట్‌బాల్ ఎత్తులన్నీ బొమ్మలు గీసి ఉండే పుస్తకం అది. అప్పగించినవాడు మధ్యాహ్నం ఇంటికి బస్సెక్కుతాడు. నిన్న నా పక్కగదివాడు ఎక్కాడు.

తొమ్మిదేళ్లుగా ఆడుతున్నా, గేటు దగ్గర టికెట్లు చింపేవాడికి కూడా నా పేరు తెలీదు. నేను చేసేదల్లా నడుం వంచి, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించడమే. దాన్ని చేత్తో పట్టుకుని గీత దాటేదాకా పరిగెత్తేది వేరేవాళ్లు. అయినా పిన్నీ, ఈ పని పోతే నాకింకేమీ రాదు. అందుకే పుస్తకం నీకు పార్సిల్ చేస్తున్నాను. అది నా దగ్గర లేకపోతే నన్నెలా పంపిస్తారు?

నీ డెల్మర్

తా.క. ఎవరికీ చూపించకు. ముఖ్యంగా వెర్ల్ బాబాయికి. ఆయనకు తెలిస్తే మంగలి షాపులో అందరికీ తెలిసినట్టే.

---

నెబ్రాస్కా,
ఆగస్టు 18

చిరంజీవి డెల్మర్‌కి పిన్ని దీవెనలు.

పార్సిల్ అందగానే బొంత గుడ్డల పెట్టెలో అడుగున దాచాను. ఆ తర్వాతి మంగళవారమే చర్చి ఆడవాళ్లు బొంత కుట్టడానికి వచ్చి, ముక్కల కోసం ఆ పెట్టె తిరగేశారు. "ఏమే ఓర్ఫా! ఇంత మంచి డిజైన్లు దాచుకుని మాచేత ఇన్నాళ్లూ ఆ పాత నక్షత్రాలే కుట్టిస్తావా?" అని ఆల్తియా నన్ను దులిపేసింది. వరసగా సున్నాలు, మధ్యలో ఓ చదరం, బాణాలు... ముచ్చటగానే ఉన్నాయి నాయనా. నువ్వు చూపించొద్దన్నావు గానీ కుట్టొద్దనలేదు కదా. పద్నాలుగో పేజీ కుట్టేశాం. పన్నెండుమందిమి వంచిన నడుం ఎత్తలేదు.

నీ పిన్ని

తా.క. జిల్లా ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి వచ్చింది. పేపర్లో పెద్ద ఫొటో వేశారు. కటింగ్ పంపుతున్నాను.

---

ఆగస్టు 21

పిన్నీ!

కటింగ్ చూశాను. అది మా రహస్యపు ఎత్తు! ఎంత చల్లగా రాశావు! ఇంతకంటే ఘోరం ఇంకోటి. మా కోచ్ స్ట్రూబెల్ భార్యకీ బొంతల పిచ్చేనట. ఆవిడ పంపిన ఇదే ఫొటోను ఆయన పొద్దున టిఫిన్ దగ్గర చూస్తూ, గుడ్డు నోట్లో పెట్టుకోవడం కూడా మర్చిపోయాడు. నా పని అయిపోయింది. ఆ బొంతని కుట్టు కుట్టూ విప్పెయ్!

డెల్మర్

తా.క. బహుమతి వచ్చినందుకు సంతోషం.

---

ఆగస్టు 25

డెల్మర్‌కి,

విప్పాలా? నీకు మతిగానీ పోయిందా? ఆ మాట వినగానే ఆల్తియా కళ్లనీళ్లు పెట్టుకుంది. బొంత చర్చి గోడకు వేలాడుతోంది. అక్కడే ఉంటుంది.

నీ పిన్ని

తా.క. అయినా అది అచ్చంగా మీ ఎత్తు కాదులే. మధ్యలో ఉన్న చదరం నువ్వేనని మీ బాబాయి చెప్పాడు. (ఆయన పుస్తకం చూశాడు, ఏం చేయను.) అంతమంది మధ్య నలిగిపోతున్నావని జాలేసి, నిన్ను కుడి చివరకు జరిపి కుట్టాను. అక్కడైతే గాలి ఆడుతుంది.

---

సెప్టెంబర్ 8

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చిన రోజే, ఫొటో కింద ఉన్న ఊరు నాదని తెలిసి కోచ్ పిలిచాడు. పుస్తకం లేదని చెప్పేశాను. ఆయన బొంత ఫొటో నా ముందు పెట్టి, "పుస్తకం సంగతి తర్వాత. ఈ చదరాన్ని చివరకు జరిపిందెవడు?" అన్నాడు. నీ పేరు చెప్పడానికి నోరు రాక, నేనే అన్నాను.

బంతి అందించేవాడు వరుస చివర ఉంటే, వాడూ పరిగెత్తి బంతి పట్టుకోవచ్చని రూల్లో ఉందట! శనివారం అలాగే ఆడించారు. అవతలివాళ్లలో ఒక్కడూ నా వంక చూడలేదు. తొమ్మిదేళ్లలో మొదటిసారి, నేను అందించిన బంతి తిరిగి నా చేతుల్లో పడింది. ఎవరిదో అనుకుని ఒక్క క్షణం దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత గీత దాటేదాకా పరిగెత్తాను. గెలిచాం. ఏడ్చాను కూడా.

ఇవాళ పొద్దున నన్ను తీసేశారు. "ఈ ఎత్తు రెండోసారి పారదోయ్, నీతో ఇంకేం పని?" అన్నాడు కోచ్.

నేను పెట్టె సర్దుకుంటుంటే, మా చేతిలో ఓడిపోయిన టీము కోచ్ ఫోన్ చేశాడు. "అలాంటివి నీ బుర్రలో ఇంకెన్నున్నాయయ్యా?" అన్నాడు. "నాలుగు" అని నోరు జారాను. తీసుకున్నాడు!

నీ డెల్మర్

తా.క. శుక్రవారం చూపించమన్నాడు. ఆ పుస్తకంలో నీకు ఇంకెవరెవరిని చూస్తే జాలేస్తోందో వెంటనే రాయి.